దిగుడులో కాలు ఆనించకూడదు

మా మనవరాలు సుశీలకు రొద్దంలో గ్రామసేవిక ఉద్యోగం వచ్చింది. కాగితం చదివి వినిపించి నా ముఖం చూసింది. నేను చేట పక్కన పెట్టి, "సైకిలు తొక్కాలని కూడా రాసినారా అందులో?" అని అడిగాను. రాశారు. ఆ ఉద్యోగం కుర్చీలో కూర్చునేది కాదు. చుట్టుపక్కల పల్లెలన్నీ వారానికొకసారి తిరగాలి. ఆడవాళ్లకు పొగ రాని పొయ్యి కట్టడం, చంటిపిల్లలకు తిండి పెట్టే పద్ధతి, నాలుగు అక్షరాలు నేర్పాలి. ఆ పల్లెలకు బస్సు పోదు. ఉండేవన్నీ గరుసు దారులు, గుట్టలు.

సుశీల తండ్రి గంగాధరం నా పెద్ద కొడుకు. ధర్మవరంలో పట్టునూలుకు రంగులద్దే పని అతనిది. హైస్కూలు చదువు కోసం పిల్లను పదేళ్ల వయసులో హిందూపురంలో నా దగ్గర వదిలాడు. అప్పటినుంచీ ఇంట్లో మేమిద్దరమే. ఉద్యోగం సంగతి కార్డు రాసి అడిగితే, "అమ్మ ఆ దారులు కళ్లారా చూసి సరే అంటే నాకూ సరే, వద్దంటే వద్దు" అని బదులు రాశాడు. భారమంతా నా నెత్తిన పెట్టి తాను రంగుల తొట్టిలో చేతులు ముంచుకున్నాడు. సోమవారం పొద్దున చేరకపోతే ఉద్యోగం ఇంకొకరికి పోతుంది.

నేను సుశీలతో ఒకటే మాట చెప్పాను.

"నీ సైకిలు ఎనక నేనే కూచుంటా. ఆ దారులన్నీ తిప్పు. ఒక్కసారి పడినామంటే ఈ ఊసు మళ్లీ ఎత్తగూడదు."

"సరే అవ్వా. మాట మాటే. నువ్వు మాత్రం గట్టిగా పట్టుకోవల్ల."

నా చదువు మూడో తరగతి. బడి వంక అవతల ఉండేది, నీళ్లు దాటించే తోడు లేక అంతటితో ఆగింది. కాబట్టి ఇందులో పెద్ద మాటలు వెతకకండి. మీ ఇంట్లోనూ ఇలాంటి కాగితం తెచ్చే పిల్ల ఉంటే దారి ముందే తెలిసి ఉంటుందని రాస్తున్నాను.

గురువారం పొద్దున ఆరున్నరకు హిందూపురంలో గుంతకల్లు పాసింజరు ఎక్కాము. మాకు రెండు టికెట్లు, సైకిలుకు వేరే చీటీ. సైకిలును గార్డు పెట్టెలో ఎక్కించారు. దాని సీటు కింద చీటీ కట్టినప్పుడు అదీ మా ఇంటి మనిషే అన్నట్టు అనిపించింది. మూటలో ఎనిమిది జొన్నరొట్టెలు, ఊరిమిండి పచ్చడి, ఒక సంచి బొరుగులు, మూత బిగువైన చెంబుతో నీళ్లు. ఓటలు కూటికి నేను డబ్బులు పెట్టను. వెళ్లేవాళ్లు రొట్టెలు తీసుకుపోండి, రెండు రోజులైనా చెడవు.

మా ఎదురుగా అగళి నుంచి వచ్చిన ఒకామె వక్కల మూట ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆ పక్క వాళ్ల మాటలో సగం కన్నడం. సైకిలు ఎక్కించేటప్పుడు చూసిందట.

"ఆ సైకలు నీదా అవ్వా?"

"నాదెందుకైతాది! దీనిది. ఉద్యోగమంట, ఊళ్లెంబడి తిరగాలంట."

"అయ్యో, హెణ్ణు పిల్ల, ఆడపిల్ల తొక్కేదా!" అని నోరు నొక్కుకుంది. నాకు తోడు దొరికిందని సంబరపడ్డాను. అంతలోనే ఆమె సుశీల వైపు వంగి, "మా పల్లెకు మంత్రసానమ్మ నడిచే వస్తాది కదమ్మా. ఆమె వచ్చేలోగా మా కోడలు కని, బిడ్డకు నీళ్లు కూడా పోసినాం. ఆయమ్మకూ ఒక సైకలు ఇస్తే బాగుండు" అంది. ఇక పెనుకొండ వచ్చేదాకా వాళ్లిద్దరే మాట్లాడుకున్నారు.

ఎనిమిదికి కాస్త ముందు పెనుకొండలో దిగాము. స్టేషన్ నుంచి ఊళ్లోకి దారి బాగానే ఉంది, నడిచే పోయాము. బజారులో సైకిల్ షాపు దగ్గర గాలి చూపించుకోండి, మరిచిపోవద్దు. ఆ షాపతను నేను కారియర్ మీద గోనెపట్ట నాలుగు మడతలు వేసి తాడుతో కడుతుంటే చూసి ఉండలేకపోయాడు.

"ఏమవ్వా, సర్కసులో చేరినావా ఈ వయసులో?"

"నువ్వు గాలి కొట్టప్పా. నోటితో కాదు, పంపుతో."

అతను నవ్వి, పని మాత్రం శ్రద్ధగా చేశాడు. గాలి బిగువుగా కొడితే గరుసు మీద సైకిలు ఎగురుతుందట, వెనక చక్రానికి కాస్త మెత్తగా పెట్టాడు. పంక్చరు అతికే రబ్బరు ముక్కలు, సొల్యూషన్ గొట్టం సుశీల సంచిలో ఉన్నాయో లేవో అడిగి మరీ పంపాడు. "తుమ్మముల్లు గుచ్చుకుంటే పెరక్కండి. అతికేదానికి కూచున్నాకే పెరకండి" అన్నాడు. ఈ మాట రాసి పెట్టుకోండి.

పెనుకొండ నుంచి రొద్దానికి పన్నెండు మైళ్లు. ఊరు దాటాక కొంతదూరం కోట కొండ పక్కనే వస్తుంది. తరువాత చింతచెట్లు అయిపోయి ఎర్ర గరుసు మొదలవుతుంది. గరుసు అంటే శనగ గింజంత నుంచి నిమ్మకాయంత దాకా రాళ్లు. రోడ్డుకు పరిచి వదిలారు, మిగతా పని బండ్లే చేస్తున్నాయి. బండి చక్రాలు పోయి పోయి రెండు గాడులు పడ్డాయి. ఆ గాడిలో రాయి అణిగి నేల గట్టిగా ఉంటుంది. సుశీల చక్రం ఆ గాడి తప్పకుండా నడిపింది. రెండు గాడుల మధ్య గుట్టగా పోగైన గరుసులోకి ముందు చక్రం పోతే మాత్రం పాము మాదిరి మెలికలు తిరుగుతుంది. రెండుసార్లు అలా పోయింది. రెండుసార్లూ నేను దాని నడుము ఎంత గట్టిగా పట్టుకున్నానంటే, "అవ్వా, ఊపిరి!" అని అరిచింది.

నేను ఒక పక్కకే రెండు కాళ్లు వేసి కూర్చున్నాను. చూసేవాళ్లకు కొదవ లేదు. గొర్రెలు తోలే ఒకాయన దారి పక్కన గొంగడి దులుపుతూ, "అవ్వా, బాగా పట్టుకో! నువ్వు పడితే గరుసేదో ఎముకలేవో ఏరలేము!" అన్నాడు. "ముందు నీ గొర్రెల్ని ఏరుకో నాయనా, శెనిగచేన్లో పడినాయి" అన్నాను. నిజంగానే పడ్డాయి. పరిగెత్తాడు.

ఎత్తు వచ్చినచోట దిగి నడిచాము. సుశీల హ్యాండిలు పట్టి తోస్తే నేను వెనక కారియర్ పట్టి తోశాను. ఎవరూ చెప్పకుండానే నా చేతులు పోయాయి. మాది సేద్యం ఇల్లు. శెనక్కాయ మూటలతో బండి పోయేటప్పుడు ఎత్తులో వెనకనుంచి తోయడం, దిగుడు వచ్చిందంటే బండి తోక పట్టుకుని మడమలు నేలకు ఆనించి వెనక్కి లాగి పట్టడం మా ఆడవాళ్ల పని. అలా లాగకపోతే బరువంతా ఎద్దుల మెడ మీద పడుతుంది. నాకు ఎనిమిదేళ్లప్పుడు మా అమ్మ నేర్పింది. యాభై ఏళ్లు చేశాను.

పదకొండుకు ఒక కానుగచెట్టు కింద రొట్టెలు తిన్నాము. అప్పుడు చూశాను, సుశీల అరచేతులు ఎర్రగా కమిలి ఉన్నాయి. "నొప్పా?" అంటే, "నీ బరువుకు కాదులే అవ్వా, హ్యాండిలుకు" అంది.  నా చీర కొంగు చివర చించి రెండు పేలికలు చేసి దాని చేతులకు కట్టాను. పాతదే, చిరుగు పట్టిన చీర.

రొద్దం పక్కన పెన్నేటి ఇసుక వస్తుంది. నీళ్లు లేవు. ఇసుకలో సైకిలు తొక్కాలని చూడకండి, దిగి నడవండి. రెండు గంటలకు ఊళ్లో ఉన్నాము. మార్తమ్మ అనే టీచరమ్మ ఇంటి వెనక గదిలో దిగాము. సుశీల ఉద్యోగంలో చేరితే ఆ గదిలోనే ఉండాలి. గడియ గట్టిదో కాదో లాగి చూశాను, బావి ఎంత దూరమో అడుగులు వేసి చూశాను. మార్తమ్మ అంతా చూసి, "కిటికీ ఊచలు కూడా ఊపి చూడండమ్మా" అంది. అప్పటికే ఊపాను. ఆ రాత్రి సంగటి పెట్టి, డబ్బులు ఇవ్వబోతే చెయ్యి వెనక్కి నెట్టింది. నేను మిగిలిన బొరుగులు ఆమె డబ్బాలో పోసి వచ్చాను.

శుక్రవారం పొద్దున ఏడుకు గుట్ట మీది పల్లెకు బయలుదేరాము. ముప్పై గడప ఉంటుంది. సుశీలకు రాసిచ్చిన పల్లెల్లో అన్నిటికన్నా దూరం అదే, అందుకే అదే చూపించమన్నాను. ఆ దారికి పేరుకు కూడా రోడ్డు వేయలేదు. గుట్ట చుట్టూ బండి బాట. సగానికి పైన నడకే. పైనుంచి చూస్తే మాత్రం శెనిగచేన్లు, ఎర్రగుట్టలు, దూరంగా పెనుకొండ కొండ, అన్నీ ఒక్కచోట కనిపిస్తాయి. చూడటానికి నిలబడ్డానని సుశీలకు చెప్పలేదు. ఆయాసం తీర్చుకుంటున్నానన్నాను.

పల్లెలో సైకిలు చుట్టూ ఆడవాళ్లు మూగారు. బెల్లు కొట్టి చూసిన వాళ్లే అందరూ. నా ఈడుదే ఒకామె, హనుమక్క, సీటు మీద చెయ్యి వేసి అలాగే నిలబడింది. ఆమె కొడుకు మిలిటరీలో ఉన్నాడు. జాబు వస్తే చదివించుకోవడానికి రొద్దం దాకా దిగిపోతుందట.

"నేనొస్తే నీకే చదివేది నేర్పిస్తా అక్కా," అంది సుశీల.

"ఈ తలకాయకు ఇంకేం ఎక్కుతాదమ్మా!"

"మా అవ్వ చదివింది మూడో తరగతే. పేపరు తెస్తే వంటింటి అటక మీద పరిచిన కాగితంతో సహా చదువుతాది."

హనుమక్క నన్ను పైనుంచి కిందికి చూసింది. "నీకు ఎట్లొచ్చిందమ్మా?" అని అడిగింది. "బడి ఆపినాక పొట్లాలు చుట్టిన కాగితాలు చదువుకున్నా" అన్నాను. ఇంతవరకు ఆ మాట ఎవరికీ చెప్పలేదు.

"అయితే యా దినం వస్తావు పాపా?" అని సుశీలను అడిగింది. సుశీల నావైపు చూసింది. నేను సైకిలు కారియర్ తాడు బిగిస్తూ ఉండిపోయాను. "శుక్రవారం శుక్రవారం అయితే నేను కూలికి పోను," అని హనుమక్క తానే రోజు కూడా చెప్పేసింది.

దిగేటప్పుడు మధ్యాహ్నం అయింది. గుట్ట మలుపు దగ్గర దిగుడు ఉంది, వానకు కోసుకుపోయిన చోట కొత్తగా గరుసు పోసి వదిలేశారు. సుశీల రెండు బ్రేకులూ కొద్దికొద్దిగా పడుతూ నెమ్మదిగానే పోతోంది. పక్కకు తిరిగి కూర్చున్న నాకు ఎదురుగా ఆకాశం తప్ప ఏమీ కనబడటం లేదు. ఒక్క క్షణం బండి జారినట్టనిపించింది. ఆ తరువాత ఇద్దరమూ గరుసులో ఉన్నాము.

సుశీల మోచేయి చెక్కుకుపోయింది. చైను ఊడింది, హ్యాండిలు ఒక పక్కకు తిరిగింది, బెల్లు మూత దొర్లుకుంటూ పోయి తంగేడు పొదలో పడింది. నేను లేచి దుమ్ము దులుపుకున్నాను. నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట ఇదీ:

"చెప్పినానా లేదా!"

సుశీల లేచింది. ముందు చక్రాన్ని మోకాళ్ల మధ్య ఇరికించి హ్యాండిలు సరిగ్గా తిప్పింది. చైను ఎక్కించింది. చేతి పేలికతోనే మోచేయి తుడుచుకుంది. "సరే అవ్వా. మాట మాటే," అని మాత్రం అంది. ఏడవలేదు. ఏడ్చి ఉంటే నాకు తేలికగా ఉండేది.

బెల్లు మూత కోసం పొద దగ్గరికి పోయి తిరిగి వస్తుంటే దారి కనిపించింది. మేము పడినచోటికి నాలుగు బారల ముందునుంచే, సైకిలు చక్రం గీత పక్కన, గరుసులో ఇంకో రెండు గీతలు ఉన్నాయి. లోతుగా, నాగలి చాలు మాదిరి. వంగి చూశాను. నా మడమలు మండుతున్నాయని అప్పుడు తెలిసింది. దిగుడు వచ్చేసరికి నా కాళ్లు నన్నడగకుండా నేలకు దిగి, శెనక్కాయ బండిని పట్టినట్టు సైకిలును పట్టాయి. అది పడలేదు. నేను పడేశాను.

చెప్పాల్సింది అప్పుడే. చెప్పలేదు. ఎందుకో కూడా దాచను. ఉద్యోగం లేదంటే పిల్ల ఇంట్లోనే ఉంటుంది. పొద్దున లేచి పొయ్యి రాజేసేటప్పుడు పక్క గదిలో దాని అలికిడి ఉంటుంది. ఎనిమిదేళ్లుగా ఉంది. నేను ఒక్క మాట మింగితే చాలు, అన్నీ ఎప్పటిలాగే ఉంటాయి. బెల్లు మూత కొంగున కట్టుకుని మళ్లీ కారియర్ ఎక్కాను.

శనివారం పొద్దున అదే దారిన పెనుకొండ వచ్చాము. ఎత్తుల్లో తోశాను. దిగుళ్లలో కాళ్లు పైకి ముడుచుకుని కూర్చున్నాను. పన్నెండు మైళ్లలో సైకిలు ఒక్కసారి కూడా తూలలేదు. ఎదురుగా వచ్చిన ఒక బండి ఆయన, "ఎద్దుల్లేని బండి ఎక్కినావే అవ్వా, గడ్డి ఖర్చు మిగిలింది!" అన్నాడు. వేరే రోజైతే బదులు చెప్పి ఉండేదాన్ని. సుశీల కూడా నవ్వలేదు.

మధ్యాహ్నం పాసింజరు ఎక్కి ధర్మవరంలో మూడున్నరకు దిగాము. గంగాధరం ఇల్లు స్టేషనుకు దగ్గరే. వాకిట్లో తడి పట్టునూలు చిలపలు ఆరేసి ఉన్నాయి. వాడు మోచేతుల దాకా నీలం రంగుతో ఎదురొచ్చాడు. కోడలు పార్వతి కాళ్లకు నీళ్లు తెచ్చి, నా మడమలు చూసి, "ఇదేంది అత్తా, తోలు లేచిపోయింది!" అంది. "నడిచినాం కదా," అన్నాను.

మజ్జిగ తాగాక గంగాధరం సూటిగా అడిగాడు.

"ఏమ్మా, పడినారా?"

"పడినాం నాయనా," అంది సుశీల.  గోడకు ఆనించిన సైకిలు వైపు కూడా చూడలేదు.

"అయితే అయిపాయ. అమ్మ మాట అమ్మ మాటే," అని వాడు తల గోక్కోబోయి, చేతి రంగు చూసుకుని ఆగాడు. "పోనీలే పాపా, బడిలో ఇంకేదన్నా చూస్తాం."

సుశీల తలూపింది. రెండు అరచేతులకూ ఇంకా నా చీర పేలికలే ఉన్నాయి. అందులో ఒకదాని మీద రక్తం ఎండి నల్లబడింది. నేను లోటా కింద పెట్టాను.

"అది పడలేదురా. నేను పడేసినా."

ఎవరికీ అర్థం కాలేదు. చీర కాస్త ఎత్తి మడమలు చూపించాను. "దిగుడు రాంగానే బండి అనుకుని కాళ్లు ఆనించినా. గరుసులో నా మడమల గీతలు ఇంకా ఉంటాయి. కావాలంటే పోయి చూసుకో. దాని తప్పు ఇసుమంత లేదు."

గంగాధరం నోరు తెరిచి నన్నే చూశాడు. "ఏమ్మా, తప్పు నాది అని నీ నోటెంట రావడం నేను పుట్టినాక ఇదే!"

"బాగా విను. ఇంకొకసారి చెప్పను."

పార్వతి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. సుశీల మాత్రం నవ్వలేదు. దగ్గరికొచ్చి నా పక్కన కూర్చుని, "ఆ గీతలు నేనూ చూసినా అవ్వా," అంది.

"ఎప్పుడు?"

"నువ్వు బెల్లు మూతకు పోయినప్పుడు."

"మరి చెప్పలేదేమే, నోట్లో ఏముండాది?"

"నువ్వే చెప్తావని ఉన్నా. రైలు దిగిందాకా చెప్పకపోతే కొంచెం భయమేసింది."

 పార్వతిని వేపనూనె అడిగి, ముందు దాని మోచేతికి రాసి, తరువాత నా మడమలకు రాసుకున్నాను.

ఆదివారం పొద్దున ఎనిమిదికి ముగ్గురం స్టేషనుకు వచ్చాము. ఇద్దరు మనుషులు, ఒక సైకిలు. నా టికెట్టు హిందూపురానికి, వాళ్లిద్దరివీ పెనుకొండకు. పెనుకొండలో బండి ఆగినంతసేపూ సుశీలకు జాగ్రత్తలు చెప్పాను. గదికి లోపలి గడియ, గాలి మెత్తగా, ముల్లు గుచ్చుకుంటే పెరకొద్దు, ఇసుకలో దిగి నడువు. అన్నీ దానికి తెలిసినవే. చివరికి కొంగు ముడి విప్పి బెల్లు మూత ఇచ్చాను. అది అక్కడే ప్లాట్‌ఫారం మీద బిగించి ఒకసారి మోగించింది. గార్డు పచ్చజెండా పట్టుకుని, "నా ఈల మోగాక నీ బెల్లు మోగించమ్మా" అన్నాడు.

"శుక్రవారం గుట్ట మీదికి పోవడం మరువొద్దు. ఆయమ్మ కూలి మానుకుంటాది" అన్నాను. బండి కదిలింది.

ఈ దారులు ఎలాంటివని అడిగితే, ఎముకలు కదిలించే దారులే. ఆడపిల్ల పోదగినవా అంటే, పోదగినవే. దారిలో మాట విసిరిన వాళ్లంతా నాతో వాదులాడినవాళ్లే తప్ప మాకు అడ్డం వచ్చినవాళ్లు లేరు. గాడి తప్పకుండా, బ్రేకు కొద్దికొద్దిగా పట్టుకుంటూ పోతే రొద్దం దాకా మూడు గంటలు, వెనక నా మాదిరి ముసలిది ఉంటే నాలుగు, తిండికి ఆగితే ఇంకొంచెం.

పెనుకొండ దాటాక ఎక్కువ భాగం ఎగువే, ఇంజను మూలుగుతూ పోతుంది. ఒక వంక దగ్గర మాత్రం దారి కాస్త కిందికి దిగుతుంది. ఎదురు సీటులో తలుపుల ఊరి ఆయన ఒకరు ఈతచాప చుట్ట పట్టుకుని కునుకుతున్నాడు. బండి దిగుడుకు వచ్చింది. వేగం పెరిగింది. ఆయన కళ్లు తెరిచి నా వైపు వింతగా చూశాడు.

"ఏమవ్వా, కిందేమన్నా పురుగు పోయిందా? కాళ్లు పైకెత్తినావు?"

చూసుకుంటే నా రెండు కాళ్లూ నేలకు జానెడు పైన ఉన్నాయి. దిగుడు అయిపోయేదాకా అలాగే ఉంచాను.